నిలువుసామి కన్ను మూయలేదు

జమ్మలమడుగు అవతల, కొండనే చెక్కి జైనులు ఎప్పుడో నిలబెట్టిన నిలువుసామికి ఒంటి మీద నూలుపోగు లేదు, పనీపాటా అంతకన్నా లేదు. ఉన్న పని ఒక్కటే. ఎదుటి క్వారీలో మందు పేలే ముందు కళ్లు మూసుకుంటాడు. దుమ్ము పడుతుందని మూస్తాడు, మనం మాత్రం మూసుకోమా అంటారు జనం.

వత్తి ముట్టించే డేవిడ్ రోజూ ఈల ఊది, తలెత్తి చూసి, సామి రెప్ప వాల్చాకే అగ్గిపుల్ల గీస్తాడు. మేనమామ జ్ఞానప్రకాశం దగ్గర పనితో పాటు వచ్చిన అలవాటది. చర్చిలో పాస్టరయ్య నిలదీస్తే, "మొక్కేది లేదయ్యా, చూసుకునేదే" అన్నాడు. పాస్టరయ్యా ఆ దుమ్ము తిన్నవాడే కాబట్టి ఊరుకున్నాడు.

ఆ రోజు ఈల ఊదాడు. సామి కన్ను మూయలేదు. మళ్లీ ఊదాడు. కొండంత మనిషి రెప్ప కొట్టకుండా క్వారీ గుంతలోకే చూస్తున్నాడు. ఇట్లా ఎన్నడూ లేదు.

"ఏందప్పా, అట్ల నిలబడినావు?" అన్నాడు క్వారీ యజమాని నారాయణరెడ్డి. "మైదుకూరు లారీ కాసుకోనుంది. ముట్టించు."

"సామి కన్ను మూయలేదన్నా."

"శానా ముసలోడు గదా, మర్చిపోయింటాడు. ముట్టిస్తావా, రేపట్నుంచి ఇంటికాడ కూచుంటావా?"

ఇంటికాడ కూర్చుంటే కూతురు షారోన్ నర్సింగు చదువు ఆగిపోతుంది. డేవిడ్ పుల్ల గీశాడు. పైకి చూశాడు. రాతి కళ్లు ఇంకా పెద్దవయ్యాయి. పుల్ల వేళ్ల దాకా కాలింది.

"నా చేత కాదన్నా."

రెడ్డి విసురుగా అగ్గిపెట్టె లాక్కుని తానే వత్తి మీదికి వంగాడు.

అప్పుడే గుంతలోంచి అంచు మీదికి స్టీలు అన్నం క్యారియరు వచ్చింది. దాని వెనక డేవిడ్ పెళ్లాం దేవకుమారి ఎక్కి వచ్చింది. డ్రిల్లింగు మిషను దగ్గర పనిచేసి చెవులు పోగొట్టుకున్న మనిషి, ఈల ఎక్కడ వినబడుతుంది.

"ఆటో ఆయప్ప మైలవరం తట్టు దింపినాడు, గుంతలో పడి అడ్డంగా వచ్చినా," అంది. "ఏంది, ఇద్దరూ అట్ల చూస్తాండారు?"

రెడ్డి పుల్ల గీయకుండానే వత్తి మీది నుంచి లేచాడు. డేవిడ్ వెళ్లి ఆమె చేయి పట్టుకున్నాడు. బతికుంది. చేయి వెచ్చగా ఉంది.

తలెత్తితే, సామి కళ్లు మూసుకుని ఉన్నాడు.

"మూసినాడప్పా," అన్నాడు రెడ్డి సన్నగా, అగ్గిపెట్టె చాపుతూ.

"ఆయన మూసేది దుమ్ముకు కాదన్నా," అన్నాడు డేవిడ్. మెడలోని ఈల తీసి ఆ అగ్గిపెట్టె మీద పెట్టి, పెళ్లాం చేయి వదలకుండా ఇంటిదారి పట్టాడు.