బుధవారం పక్కన గురువారం

లామి మా క్లాసులో చేరిన రోజు వెనక బెంచీలోంచి గోడియా నవ్వింది. "లరబ పక్కన లామి. బుధవారం పక్కన గురువారం. ఇంకో శుక్రవారం పిల్ల వచ్చేస్తే మనకిక సెలవులే."

మా కడునా పట్నంలో చర్చికి వెళ్ళేవాళ్ళూ మసీదుకు వెళ్ళేవాళ్ళూ కూడా పుట్టిన వారాన్నే పేరుగా పెట్టుకుంటారు. బుధవారం పుట్టిన నేను లరబ, గురువారం పుట్టిన తను లామి. అందుకే పేరు విని ఏ మతమో ఎవరికీ తెలియలేదు. యూనిఫాం ఇంకా కుట్టించలేదని, లామి ఇంటి బట్టల్లో, మా అమ్మల్లాగే తలకు గుడ్డ కట్టుకుని వచ్చింది. నదికి ఇవతల మా చర్చి వాళ్ళే ఉంటారు, అవతల మసీదు వాళ్ళు. తనూ మాలో ఒకతే అనుకున్నాం.

నాతో ఎవరూ పెద్దగా మాట్లాడరు. లామి మాట్లాడింది. అలసందలు రుబ్బి అమ్మ వేయించిన కొసాయి తిని, "నన్ను కూడా పెంచుకోమని మీ అమ్మకి చెప్పవే" అంది. ఇంట్లో చెబితే అమ్మ నవ్వింది. మతాల గొడవలప్పుడు నది అవతలికి పనికి వెళ్ళిన అన్న ఇషాయా శవమై వచ్చాక అమ్మ నవ్వగా చూడటం అదే మొదటిసారి. మర్నాటి నుంచి డబ్బాలో ఇద్దరికి సరిపడా పెట్టేది.

తర్వాతి వారం, సెలవు ముగించుకుని వచ్చిన క్లాసు సారు లామిని నిలబెట్టారు.

"పేరు, ఊరు, మతం చెప్పమ్మా. ఏ మతపాఠానికి పంపాలో నాకు తెలియాలి."

"నా పేరు లామి. మాది రాఫిన్ దవా. ముస్లింని." ఊరి పేరు చెప్పినంత మామూలుగా చెప్పింది.

"సరే, కూర్చో" అన్నారు సారు. వెనక బెంచీలో గోడియా పక్కపిల్ల చెవిలో ఏదో చెప్పింది.

"నీకు తెలుసనుకున్నానే" అంది లామి మెల్లగా.

"తెలీదు. అయితే ఏంటి" అన్నాను.

సాయంత్రం నేను ఇల్లు చేరేసరికి గోడియా వాళ్ళమ్మ మా గుమ్మంలోంచి బయటికి వెళ్తోంది. మర్నాడు పొద్దున అమ్మ డబ్బా చేతికిచ్చింది. తేలిగ్గా ఉంది.

"లామికేదమ్మా?"

అమ్మ పొయ్యి మీంచి చూపు తిప్పలేదు. "చేతులు రావడం లేదు లరబా. ఆ పిల్ల తప్పేం లేదు, నాకు తెలుసు. అయినా రావడం లేదు."

బడిలో డబ్బా తెరిచి లామి వైపు జరిపాను. లామి డబ్బాలోకి చూసింది, తర్వాత నా ముఖంలోకి చూసింది.

"నాకొద్దే. ఇవాళ ఉపవాసం. పొద్దు గుంకేదాకా నీళ్ళు కూడా తాగకూడదు. బాగున్నాయన్నానని మీ అమ్మకి చెప్పు."

లేచి వెళ్ళిపోయింది. కిటికీలోంచి చూశాను. పంపు దగ్గర వంగి, దోసిళ్ళతో నీళ్ళు తాగుతోంది.

"బాగున్నాయని చెప్పమంది లామి" అన్నాను సాయంత్రం.

అమ్మ డబ్బా మూత తీసింది. పొద్దున పెట్టిన కొసాయిల్లో ఒక్కటీ తగ్గలేదు.