సడక్ వంకర తిరిగిన చోట

గుట్ట కింద కొత్త సడక్‌కు గీసిన సున్నం గీత వంకర తిరగడం కూలీలందరూ చూశారు. పొద్దున దాకా అది దొర మామిడితోట మీదుగా తిన్నగా పోయేది. వానాకాలంలో పాతిన కొయ్యగుంజలు తోట నడుమ ఇంకా నిలబడే ఉన్నాయి. దొర వచ్చాడు. మేస్త్రి దేవానందాన్ని నీడకు పిలిచి కాసేపు మాట్లాడి పోయాడు. ఆ తర్వాత తాడు విప్పి మళ్ళీ కట్టారు. తోట కంచె దగ్గరికి రాగానే గీత పక్కకు ఒదిగి దూదేకుల వాడ మీదికి తిరిగింది.

తట్ట మోసే ఆడవాళ్ళలో ఒకామె ఉన్నచోటే ఆగిపోయింది. ముఠాలో ఆమెను బుచ్చమ్మ అంటారు. నుదుట పెద్ద బొట్టు, తక్కువ మాట. ఆమె అసలు పేరు మాబూబీ. గీత పడింది ఆమె ఇంటి మీదే.

ఆ సడక్ సికింద్రాబాద్ నుంచి వస్తోంది. కంటోన్మెంటు దాటి, మల్కాజ్‌గిరి దాటి, గుట్టల వరస పట్టుకుని ఊరూరా పాకుతోంది. రైతుల బండ్ల కోసమని సర్కారు చెప్పింది. ముందు నడిచేవి మిలటరీ లారీలేనని కూలీలకు తెలుసు. గుట్టల ఊళ్ళలో దొరలకు ఎదురు తిరిగిన సంఘం ఇంకా బతికే ఉంది. దొరల భూములు దున్నుకున్న జనం వాటిని తిరిగి వదలడం లేదు. అందుకే సర్కారుకు అంత తొందర.

నిజాం మీదికి మిలటరీ వచ్చిన పోలీసు చర్య రోజుల్లో దూదేకుల వాడ ఖాళీ అయింది. మాబూబీ పెనిమిటి పీర్ మహమ్మద్ ఎన్నడూ తుపాకి పట్టినవాడు కాదు. దూది ఏకేవాడు. పీర్ల పండుగకు ఊరందరి పీరును ఎత్తేవాడు. గడ్డం ఉందని, నిజాం రజాకారని మిలటరీవాళ్ళు పట్టుకుపోయారు. ఆయన మళ్ళీ రాలేదు. మాబూబీ లాలాగూడకు పారిపోయి రైల్వే క్వార్టర్లలో అంట్లు తోమింది. సడక్ తన ఊరి వైపే పోతుందని విని ముఠాలో చేరింది. పేరడిగితే బుచ్చమ్మ అంది. ఇల్లు నిలబడి ఉంటే, ఆయన ఏ జైలు నుంచి విడుదలైనా అక్కడికే వస్తాడని ఆమె ఆశ. ఇల్లు పోతే ఆయన ఎక్కడ వెతుక్కోవాలి?

ఆనాడు తన గడిలో రజాకార్లకు అన్నం పెట్టింది ఈ దొరే. మిలటరీ రాగానే ఖద్దరు టోపీ పెట్టుకుని వాళ్ళ జీపు వెనకే ఊళ్ళోకి తిరిగొచ్చాడు. దూదేకుల ఇళ్ళు లావారిస్ అని, అంటే వారసుడే లేనివని, ఆయనే సర్కారుకు చెప్పాడు. ఊరు విన్నది. భయపడి ఊరుకున్నది.

ముఠా పెద్ద బిక్షం గడ్డపార నేలకు ఆనించి, తోటలో గుంజలుండగా ఇళ్ళ మీదికి ఎందుకొచ్చామని అడిగాడు. పైనుంచి హుకుం అన్నాడు దేవానందం. రాళ్ళు కొట్టే విమలమ్మ ఊరుకుంటుందా?

“సడక్ సుత దొరను చూసి పక్కకు జరిగినట్టుంది మేస్త్రీ. మంచి మర్యాద నేర్చింది.”

నలుగురు నవ్వారు. కూలి కోస్తానని దేవానందం అనగానే నవ్వు ఆరిపోయింది.

మొదటి ఇంటికి బయట తాళం లేదు. అయినా తలుపు కదల్లేదు. ఇద్దరు మగవాళ్ళు గడ్డపారలు ఎత్తారు. అప్పుడు మాబూబీ చేతులు ఆమె మాట వినలేదు. ముందుకు పోయి, దర్వాజ పక్కన గోడలోని రాయి ఒకటి లాగింది. సందులో చేయి పెట్టి లోపలి గడియ ఎత్తింది. తలుపు తెరుచుకుంది.

దేవానందం దగ్గరికొచ్చాడు.

“ఆడ గడియ ఉందని నీకెట్ల ఎరుక?”

విమలమ్మ చటుక్కున అందుకుని, ఇట్లాంటి దర్వాజలు ఊరూరా ఉంటాయంది, తమ ఇంట్లో కూడా అంతేనంది. తల ఊపితే చాలు, మాబూబీ బతికిపోయేది. ఆమె లోపలికి చూసింది. గోడకు పీర్ మహమ్మద్ దూదేకే విల్లు వేలాడుతోంది. చెదలు పట్టినా కిందపడలేదు.

“ఇది నా ఇల్లు,” అంది. “నా పేరు మాబూబీ. పీర్ మహమ్మద్ పెండ్లాన్ని.”

బొట్టు తుడవలేదు. తుడవాలని తోచలేదు. గడప మీద కూచుంది.

దేవానందం గొంతు తగ్గించి, తాను వినలేదనుకుంటానని, లేచి తట్ట ఎత్తమని బతిమాలాడు. ఆమె లేవలేదు. కూలీల్లో గొడవ షురూ అయింది. దొంగ పేరుతో కలిసి తిన్నదని ఒకడన్నాడు. పరాయి ఊరి తగాదా మనకెందుకని ఇంకొకడు. పిల్లలు ఆకలితో ఉంటారని ఒకామె ఏడ్చింది. బిక్షం అందరి మాటా విన్నాడు.

“పేరు మార్చి మోసం జేసిందంటున్రు. అసలు పేరు చెప్తే బతకనిస్తుంటిరా?” అన్నాడు. “మనం సుత కూలికని ఇండ్లు ఇడిసి వచ్చినోళ్ళమే. రేపు మన ఇండ్లు ఖాళీగున్నయని లావారిస్ అంటే, ఆడ ఏ ముఠా గడ్డపార ఎత్తుతదో?”

ముందు విమలమ్మ సుత్తి పడేసింది. ఒకరి తర్వాత ఒకరు వచ్చి సున్నం గీత మీదే కూచున్నారు.

ఇదంతా దూరం నుంచి చూస్తున్న ఊళ్ళో చలనం వచ్చింది. వాడను ఆనుకున్న ఇంటి పర్వతాలు అనే ఆయన పెంకు మీద నిప్పుకలు తెచ్చి, ఎవరి ముఖమూ చూడకుండా లోపలికి పోయి మాబూబీ పొయ్యి వెలిగించాడు. ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నానని మాత్రం అన్నాడు. ఆయన వెనక ఊరి ఆడవాళ్ళు కట్టెలు తెచ్చి ఖాళీ ఇళ్ళ పొయ్యిలన్నీ ముట్టించారు. వాడలో ప్రతి ఇంటి కప్పు మీదా పొగ లేచింది. ఇప్పుడు లావారిస్ అని చెప్పమనండి దొరను, అని ఎవరో అన్నారు.

దొర చెప్పలేదు. కబురు పంపాడు.

పొద్దు వాలుతుండగా పోలీసు లారీ వచ్చింది. అది దగ్గరికొచ్చేదాకా ఎవరికీ వినబడలేదు. కూలీలు కంకర అంత నున్నగా పరిచారు, మట్టి అంత గట్టిగా దిమ్మిస కొట్టారు. ఒక్క కుదుపు లేకుండా వచ్చి వాళ్ళ ముందే ఆగింది. లాఠీలు లేచాయి. రజాకారు పెండ్లామని మాబూబీని, సంఘపోడని బిక్షాన్ని లారీలోకి తోశారు. బిక్షం చెవి వెంట రక్తం కారుతోంది.

లారీ కదులుతుండగా మాబూబీ పర్వతాలును పిలిచింది.

“ఆయనొస్తే ఇంట్ల కూసోబెట్టు అన్నా. నేనొస్తనని చెప్పు.”

లారీ వచ్చినంత సాఫీగా సికింద్రాబాద్ వైపు వెళ్ళిపోయింది. విమలమ్మ దాన్ని కాదు, దాని కింది సడక్‌ను చూస్తూ నిలబడింది. తర్వాత బిక్షం గడ్డపార తీసుకుని సడక్ నడుమకు పోయి పోటు వేసింది. సర్కారు సడక్ అది, ఏం చేస్తున్నావని దేవానందం అరిచాడు.

“మేం ఏసిందే కదా. ఎట్ల ఊడుతదో మాకే ఎరుక.”

పర్వతాలు పార పట్టుకొచ్చాడు. వద్దన్నవాడూ వచ్చాడు, ఏడ్చినామె కూడా వచ్చింది. ఊరి మనిషెవరో ముఠా మనిషెవరో తెలియకుండా కలిసిపోయారు. సడక్‌కు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా, మొదట మోకాలి లోతు, తర్వాత నడుము లోతు కందకం దిగింది.

సికింద్రాబాద్ వైపు మళ్ళీ దుమ్ము లేచింది. ఈసారి లారీ ఒకటి కాదు. దేవానందం చూసి చెప్పాడు. కందకంలోంచి ఎవరూ తల ఎత్తలేదు. మట్టి తట్టలు ఒకటి వెనక ఒకటి పైకి వస్తూనే ఉన్నాయి.