ఎల్లాజీ పొట్టలో నేను

నేను ఒక కొవ్వు చుక్కను. సూరాడ ఎల్లాజీ అనే జాలరి పొట్ట చర్మం కింద, ఒక కణంలో పుట్టాను. తమ్ముడు కొర్లయ్య పెళ్లిలో అతను కడుపారా తిన్న అన్నం, నూనెలో వేగిన వంజరం చేప ముక్కలు, ఒంటికి ఆ పూట అక్కరలేక మిగిలిపోయి నేనయ్యాయి. "మా అన్నకి ఆరో నెల" అంటూ కొర్లయ్య ఆ పొట్ట తట్టి నవ్వేవాడు. మనుషులు మమ్మల్ని మోస్తూనే మా మీద నవ్వుకుంటారు. కొర్లయ్యదేమో వట్టి ఎముకల గూడు. అప్పుడే మలేరియా నుంచి లేచాడు.

ఆ నీరసంతోనే అన్నతో కలిసి చేపల వేటకు వెళ్లాడు, పడవలో ఇద్దరే. నడిసముద్రంలో పడవ ఇంజను ఆగిపోయింది. తుఫాను గాలికి వల కొట్టుకుపోయింది. వాననీళ్లు పట్టుకుని తాగారు గాని, బియ్యం నిండుకున్నాయి. చివరి గంజిని ఎల్లాజీ తమ్ముడి ముందు పెట్టాడు.

"నువ్ తాగన్నా."

"నాకీ పొట్టుంది కదరా. నువ్ తాగు."

వేళాకోళానికి అన్నా, ఆ మాట నిజమే. తిండి ఆగేసరికి రక్తం మా దగ్గరికి కబురు తెచ్చింది. నా తోటి చుక్కలు కొవ్వు ఆమ్లాలుగా విడిపోయి రక్తంలోకి దిగాయి. కండరాల కణాల్లో మైటోకాండ్రియా అనే పొయ్యిలుంటాయి. అక్కడ మా పొడవాటి గొలుసుల్ని రెండేసి కర్బన పరమాణువుల ముక్కలుగా తుంచుతారు. అతను పీల్చిన ఆక్సిజన్ తోడై ఆ ముక్కలు మండుతాయి. మంట కనిపించదు. ఒంటికి వేడి, సత్తువ దక్కుతాయి. మేము నీరుగా, కార్బన్ డయాక్సైడుగా మారిపోతాం. కొందరు కాలేయంలో కీటోన్లనే ఇంధనమై అతని మెదడుకు తిండి పెట్టారు. అందుకే అతని నోట మగ్గిన పండు వాసన వచ్చేది.

పక్కనున్న కొర్లయ్య ఒంట్లో మావాళ్లు ముందే అయిపోయారు. తర్వాత కండలు కరిగాయి. ఎల్లాజీ తమ్ముణ్ణి పొట్టకు ఆనించుకుని పడుకునేవాడు. మా వేడి అతనికి తగిలేది. ఆ చర్మం దాటి అతనిలోకి పోయే దారి మాత్రం నాకు లేదు. అంత దగ్గర ఉండి కూడా.

"చలేస్తందన్నా" అన్నాడు కొర్లయ్య ఒక ఉదయం. ఎల్లాజీ ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. కాసేపటికి ఆ చలి కూడా లేకుండా పోయింది. ఎండకు ఉంచుకోలేక, తమ్ముణ్ణి తన చేతులతోనే సముద్రానికి అప్పగించాడు.

తర్వాత ఒక సరుకుల ఓడ ఎల్లాజీని చూసి రేవుకు చేర్చింది. అప్పటికి పొట్ట వీపుకు అంటుకుపోయింది, చెంపలు లోపలికి పోయాయి. ఓడ మెట్లు దిగుతున్న అతన్ని దూరం నుంచి చూసి కొర్లయ్య భార్య చినపోలమ్మ పరుగున వచ్చింది. తన మొగుడే అనుకుంది. ఎదురుగా నిలబడ్డాక మొహం చూసింది.

"బావా… ఆయనేడి?"

అప్పుడు నా వంతు వచ్చింది. "లేడమ్మా" అన్న ఆ ఊపిరిలో, మండి కార్బన్ డయాక్సైడునై కలిసి నేను బయటికి వచ్చేశాను.