కుళాయి కప్ప

మస్తానాబీ ఇంట్లో చేపలు బతకలేదు. ఆమె మొగుడు సైఫుల్లా తాడిపత్రిలో బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. దాని ఓనరు కొత్త ఇంట్లోకి మారుతూ మూరెడు పొడవున్న పాత గాజుతొట్టి ఒకటి ఇతనికి ఇచ్చేశాడు. మస్తానాబీ దాన్ని కుట్టుమిషను పక్కన, కుళాయి పైపు వచ్చే గోడకు ఆనించి పెట్టుకుంది. రెండుసార్లు ఎర్రచేపలు తెచ్చి వదిలారు. బోరు ఉప్పునీళ్లకు రెండుసార్లూ మూడో రోజుకే వెల్లకిలా తేలాయి.

"ఈ నీళ్లకు మనమే చస్తాంటే చేపలేం బతుకుతాయి? కప్పనన్నా తెచ్చి పెట్టు," అంది మస్తానాబీ.

సైఫుల్లా పెళ్లాం మాట కాదనే రకం కాదు. మరునాడు సాయంత్రం ఆమె టిఫిన్ క్యారియర్ కడుగుదామని మూత తీసి కెవ్వుమంది. మూడు గిన్నెల్లో మూడు కప్పలు!

"ఫ్యాక్టరీ నీళ్లతొట్టి కాడ పట్టినా. ఒకటి ఏరుకో. తక్కినవి మళ్లా ఆడ్నే వదిలేస్తా," అన్నాడు తాపీగా.

పై గిన్నెలోది పిడికిట్లో పట్టనంత పచ్చకప్ప. తొట్టిలో వేయగానే అందులో పాకుతున్న బొద్దింకను గుటుక్కున మింగి, ఒక్క గెంతుతో బయటపడి, కుట్టడానికి పెట్టుకున్న జాకెట్టు గుడ్డ మీద కూర్చుంది. "ఇది తొట్టిలో ఉండేది కాదు, తొట్టినే మోసకపోయేది," అని తోసేసింది మస్తానాబీ. నడిమి గిన్నెలోది ఒళ్లంతా పొక్కులున్న మట్టిరంగు కప్ప. దానికి నీళ్లంటేనే గిట్టలేదు. మూలకు పోయి, ఉబ్బిపోయి, గోడకేసి చూస్తూ కూర్చుంది. "మీయమ్మ మాదిరే ఉండాది," అంది. సైఫుల్లా వినబడనట్టు చెవి గోక్కున్నాడు.

అడుగు గిన్నెలోది బొటనవేలంత. నీళ్లలో వేస్తే కాళ్లు బార్లా చాపి, కళ్లు రెండూ పైకి పెట్టి, పెళ్లికొచ్చిన చుట్టంలా హాయిగా తేలింది. నాలుగు వేళ్ల లోతు నీళ్లు, ఎక్కి కూర్చోడానికి ఓ నాపరాయి ముక్క ఉంటే చాలు దానికి.

"మంచిదే ఏరినావు. ఇది మగది, అరుస్తాది. ఆడవి నోరెత్తవు," అన్నాడు సైఫుల్లా.

"పాపం, వాటికి నీ మాదిరి మొగుళ్లు దొరకలేదేమో," అని తొట్టి మీద దోమతెర ముక్క బిగించింది మస్తానాబీ.

ఆ ఏడు వానల్లేవు. కుళాయి నీళ్లు మూడు రోజులకో నాలుగు రోజులకో వచ్చేవి, అదీ ఏ పూట వస్తాయో తెలిసేది కాదు. ముందు తిప్పినవాళ్లకు ధార, తర్వాతవాళ్లకు చుక్కలు. నెల తిరక్కుండానే మస్తానాబీ ఒక సంగతి కనిపెట్టింది. నీళ్లు రాబోయే ముందు పైపులో గాలి కదులుతుంది. మనిషి చెవికి అందని ఆ గురగుర గోడకానుకున్న కప్పకు అందుతుంది. అది వెంటనే టిర్ర్‌మని అందుకుంటుంది. అంతే, మస్తానాబీ కత్తెర పారేసి బిందె ఎత్తుకునేది.

పక్కింటి భద్రమ్మ ఉగ్గాని, బజ్జీలు అమ్ముకునే మనిషి. నీళ్లు లేకపోతే ఆమెకు పొయ్యి వెలగదు. ఒకనాడు నీళ్లు వదిలే సుబ్బన్నను వీధి మధ్యలో నిలేసింది.

"ఏం సుబ్బన్నా, మస్తానాబీకి ముందే కబురు చెప్తాండావంట?"

"నా బిడ్డల మీద ఒట్టు! నేను ఎప్పుడు వదుల్తానో నాకే తెల్దు," అని మొత్తుకున్నాడతను.

గోడవతల మస్తానాబీ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.

ఆ గుట్టు ఎక్కువ రోజులు దాగలేదు. భద్రమ్మ జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చిన పూటే కప్ప అరిచింది. మస్తానాబీ టేపును ఆమె మెడలోనే వదిలేసి పరుగెత్తింది. భద్రమ్మ తొట్టిని చూసింది, కుళాయిని చూసింది.

"ఓసి నీ పాసుగాల! కప్పతో చేస్తాండావా ఇదంతా? నాకూ ఒకటి తెప్పీ. ఎట్లాంటిది మంచిది?"

మస్తానాబీ మొహం అమాయకంగా పెట్టింది. "పెద్దది, లావుది, నెమ్మదస్తురాలిని చూసి పెట్టుకోక్కా."

సైఫుల్లా తెచ్చిచ్చింది అచ్చం అలాంటిదే. మగదానికి రెండింతలుంది. భద్రమ్మ దానికి ఈగలు పట్టి పెట్టి, పేరు పెట్టి, నమ్మి కూర్చుంది. అది తిన్నది తిన్నట్టే ఉంది, కిక్కురుమనలేదు. రెండుసార్లు నీళ్లొచ్చి పోయాయి. రెండోసారీ పట్టుకోలేకపోయిన మరునాడు ఉగ్గాని కోసం నానబెట్టాల్సిన బొరుగులు గంపలోనే ఉండిపోయాయి.

"మూగదాన్ని అంటగట్టినారు కదే!" అని భద్రమ్మ వచ్చి కూలబడేసరికి మస్తానాబీకి నవ్వూ ఆగలేదు, జాలీ ఆగలేదు. రెండు బిందెలు ఎత్తిచ్చి, ఆడకప్ప కథ చెప్పేసింది.

భద్రమ్మ తిట్టలేదు. బిందెలు ఇంట్లో దించుకుని, తన కప్పను తెచ్చి మగదాని పక్కన వదిలింది. "నాలుగు రోజులు ఈడ్నే ఉండనీ. దానికీ తోడుండదా," అంది.

ఇక చూడాలి ఆ మగదాని సంబరం! పొద్దున టిర్ర్, మధ్యాహ్నం టిర్ర్, బజ్జీల వేళ టిర్ర్. మస్తానాబీ పదిసార్లు బిందెతో పరుగెత్తింది, పదిసార్లూ కుళాయి బుస్సుమని కూడా అనలేదు. ప్రతిసారీ గోడమీద భద్రమ్మ తలకాయ.

"వచ్చినాయా నీళ్లు?"

నాలుగోనాటికి ఆడదాని పొట్ట ఉబ్బింది. భద్రమ్మ తొట్టిని రెండు చేతులా ఎత్తుకుంది.

"యాడికక్కా?"

"నా బిడ్డకు మొదటి కాన్పు. పుట్టింట్లో కాకుండా యాడ చేస్తారు? అల్లుడూ వస్తాడు."

మస్తానాబీ తలుపు బార్లా తీసి పట్టుకుంది. కావాలంటే ఆ తొట్టిలోంచి పిల్లలను కూడా తెచ్చుకోవచ్చని భద్రమ్మ పెద్దమనసుతో మాటిచ్చింది. ఆ సాయంత్రమే గోడవతల నుంచి కేక, "మస్తానాబీ, నీళ్లు!" మస్తానాబీ పరుగెత్తి వట్టి కుళాయి తిప్పింది. మరునాడు మళ్లీ కేక, మళ్లీ వట్టిదే. మూడోసారి పిలిస్తే ఆమె మిషను తొక్కడం ఆపలేదు. "అరువమ్మా, అరువు," అని గొణుక్కుంటూ జాకెట్టు కుట్టుకుంది.

కాసేపటికి భద్రమ్మ ఇంట్లో నిండిన బిందె పొంగి, బండల మీద నీళ్లు పారే చప్పుడు వినబడింది.