కుళాయి నీళ్ళు

తిరుత్తణిలో రైతుల ప్రదర్శన పెట్టారంటే పచ్చయ్యప్ప తన ఊరు కే.జీ.కండిగై నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చాడు. మల్లెతోటకు డ్రిప్ పైపులు చూసుకుని వెంటనే వెళ్ళిపోదామనుకున్నాడు. కానీ పైపుల స్టాలుకు సరిగ్గా ఎదురుగా చేపల పెంపకం స్టాలు ఉంది. పైపుల మనిషి చెప్పేదేదీ అతని చెవికెక్కలేదు. లేచి అటు నాలుగడుగులు వేయడం, మళ్ళీ వెనక్కి రావడం. టీ తాగడానికని వెళ్ళి సగం తాగి పారబోశాడు.

రెండేళ్ళ కిందట అతనికీ చేపల తొట్టి ఉండేది. మగ్గాలు రెండూ ఆగిపోయాక ఆ మగ్గాల షెడ్డు పక్కనే టార్పాలిన్ తొట్టి కట్టి ఆరు వందల జిలేబి రకం చేపలు వదిలాడు. దగ్గరుండి కట్టించింది అక్క మొగుడు వరదన్. ఆయనకు పళ్ళిపట్టులో కిరాణా కొట్టు. ఒక సాయంత్రం ఆయన వచ్చి, ఒకే తొట్టిలో ఇన్ని చేపలు బతకవు, సగం తీసెయ్యమన్నాడు. పచ్చయ్యప్పకు రోషం వచ్చింది. మాటా మాటా పెరిగింది. అయినా వెళ్ళేముందు ఆయన, నీళ్ళు చెడకుండా ఉంటాయని చేపల ట్రైనింగులో చెప్పినారంటూ బెల్లం నీళ్ళు కలిపి తొట్టిలో పోశాడు. తెల్లారేసరికి చేపలు దాదాపు అన్నీ వెల్లకిలా తేలాయి. పచ్చయ్యప్ప ఆ పొద్దున్నే పళ్ళిపట్టుకు వెళ్ళి, కొట్టు ముందు నిలబడి, బావే బెల్లం నీళ్ళతో విషం పెట్టాడని, ఇక్కడ బెల్లం కొంటే చస్తారని అరిచాడు. ఆ రోజు నుంచి రాకపోకల్లేవు.

మూడోసారి లేచినప్పుడు కాళ్ళు అతన్ని చేపల స్టాలు లోపలికే తీసుకెళ్ళాయి.

మోకాలెత్తు నీలం తొట్టి చుట్టూ బడి పిల్లలు మూగి ఉన్నారు. నీళ్ళలో చెయ్యి పెట్టి చేపల్ని తాకవచ్చు, గుప్పెడు మేత వేయవచ్చు, చిన్న వలతో పట్టి వదలవచ్చు. స్టాలు నడిపే శశికళ, ముప్పై ఏళ్ళ మనిషి, అరవంలోనూ తెలుగులోనూ గలగలా చెప్పుకుపోతోంది. ఒక పాప అడిగింది.

"అక్కా, ఇవి మేత తినలేదే. పైకొచ్చి నోరు తెరుస్తా ఉండాయి."

పచ్చయ్యప్ప పిల్లల తలల మీదుగా తొంగి చూశాడు. చేపలన్నీ నీటిపైకొచ్చి గుటకలు వేస్తున్నాయి. రెండు పక్కకు ఒరిగిపోయాయి. ఆ పొద్దు తన తొట్టిలో కడసారిగా కొట్టుకున్న చేపలు కూడా అచ్చం ఇట్లాగే.

"విషం!" అని అరిచాడు. "నీళ్ళల్లో ఎవురో విషం కలిపినారు! పిలకాయల చేతులు తియ్యండి!"

పిల్లలు కెవ్వుమన్నారు. టీచరు వాళ్ళను వెనక్కి లాగింది. శశికళ ముఖం తెల్లబోయింది.

"విషమేంది సామీ? పొద్దన్నించి నేనీడనే ఉండాను కదా!"

"నాకు తెలుసమ్మా! నేను చూసినాను! ఎవురొచ్చినారు ఈడికి? చెప్పు!"

శశికళ తొట్టి వైపు తిరిగింది. వంగి దోసిట్లోకి నీళ్ళు తీసుకుని వాసన చూసింది. బల్ల మీది గాజుగొట్టంలో ఆ నీళ్ళు పట్టి, చిన్న సీసాలోంచి నాలుగు చుక్కలు వేసి, అతని చేతిలో పెట్టింది. చూస్తుండగానే నీళ్ళు పసుపురంగుకు తిరిగాయి.

"విషం కాదయ్యా. బ్లీచింగ్. నీళ్ళు తగ్గినాయని ఇందాక పనోళ్ళను పోయమన్నాను. ఏ నీళ్ళని అడగలేదు. కుళాయి నీళ్ళు పోసేసినారు. తప్పు నాదే."

పక్కన డ్రమ్ములో బోరు నీళ్ళున్నాయి. చేపల్ని అందులోకి మార్చాలి. ఆమె వల అందుకునేలోగా పచ్చయ్యప్ప పంచె ఎగ్గట్టి తొట్టిలోకి దిగిపోయాడు. చేతులతోనే చేపల్ని పట్టి అందిస్తున్నాడు. ముల్లు గుచ్చుకుని బొటనవేలు చిట్లినా ఆగలేదు. నలభైలో పదకొండు పోయాయి. మిగిలినవి కాసేపటికి డ్రమ్ము అడుక్కి దిగి ఈదసాగాయి.

శశికళ మైకు తీసుకుని, తాను చేసిన పొరపాటేమిటో, చేపలు ఎందుకు చచ్చాయో, కుళాయి నీళ్ళను నిలవబెట్టి బ్లీచింగ్ ఘాటు పోగొట్టాక గానీ తొట్టిలో ఎందుకు పోయకూడదో దాచకుండా చెప్పింది. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి పసుపు నీళ్ళ గొట్టం చూసి పోయారు.

పచ్చయ్యప్ప మాత్రం కదల్లేదు. తడి పంచెతోనే అడిగాడు.

"అమ్మా, బెల్లం నీళ్ళు పోస్తే చేపలు సస్తాయా? నా తొట్టిలో పోసిన రాత్రే అన్నీ సచ్చినాయి."

"రవ్వంత పోస్తే ఏం కాదయ్యా. మేము పోస్తానే ఉంటాము. మీ తొట్టికి ఆ పొద్దు నీళ్ళు యాడివి?"

"బోరు మోటారు కాలిపోయింది. ఆ రాత్రే పంచాయతీ కుళాయికి పైపు తగిలించి విడిచినాను. సగం తొట్టి."

"ట్యాంకులో బ్లీచింగ్ వేసిన దినమేమో."

అప్పుడు ఊళ్ళో జ్వరాలు. వీధివీధికీ తెల్లపొడి చల్లి, ట్యాంకులోనూ కలిపిన సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది. ఆ వారమంతా కుళాయి నీళ్ళు వాసనేస్తున్నాయని పెళ్ళాం గొణిగింది కూడా. పచ్చయ్యప్ప కండువాతో ముఖం గట్టిగా తుడుచుకుని స్టాలు బయటికి వచ్చేశాడు.

పళ్ళిపట్టు బస్సులో సీటున్నా కూర్చోలేకపోయాడు. చెప్పాల్సిన మాటలు మనసులో పేర్చుకోవడం, చెరిపేయడం. దారిలో ఎక్కడైనా దిగిపోదామని రెండుసార్లు మెట్ల దాకా వచ్చాడు.

కొట్లో వరదన్ కందిపప్పు పొట్లం కడుతున్నాడు. బావమరిదిని చూసి కూడా కడుతూనే ఉన్నాడు. పచ్చయ్యప్ప గబగబా అంతా చెప్పేశాడు, బ్లీచింగు, పసుపు నీళ్ళు, మోటారు, అన్నీ కలగాపులగంగా.

"నీ తప్పు లేదు బావా. నా చేత్తోనే సంపుకున్నాను."

వరదన్ దారం తెంపాడు.

"రెండేండ్లు రా. నా బెల్లం కొంటే సస్తారని ఈడ నిలబడి కూసినావే. ఎంతమంది నమ్మినారో తెలుసునా నీకు? మీ అక్క గుడికి పోయేదే మానేసింది. ఇప్పుడొచ్చి గల్లాపెట్టె కాడ గుసగుసగా చెప్తావా? వీధిలోనే అన్నావు కదా. వీధిలోనే చెప్పు."

సాయంత్రం బజారు రద్దీగా ఉంది. పచ్చయ్యప్ప మెట్లు దిగి వీధిలోకి వచ్చాడు. ఎవరో స్కూటరు హారన్ కొట్టారు. పక్కకు జరిగి, మళ్ళీ వచ్చి నిలబడ్డాడు.

"అయ్యా, వినండి! మా బావ వరదన్ నా చేపలకు విషం పెట్టలేదు! నేను అబద్ధం చెప్పినాను! తెలీక చెప్పినాను!"

పూలమ్మే ఆమె తల తిప్పింది. ఎదురు టైలరు షాపులో మిషను ఆగింది. సరిగా వినబడలేదేమోనని ఇంకోసారి, ఇంకా గట్టిగా చెప్పాడు.

తర్వాత లోపలికి పోవాలో, బస్టాండుకు పోవాలో తెలియలేదు. చేతులెక్కడ పెట్టుకోవాలో కూడా తెలియలేదు. వెనక తలుపు తీసుకుని అక్క పొన్నమ్మ వచ్చింది. తమ్ముణ్ణి పైనుంచి కిందికి చూసి, గడప బయట ఒక స్టూలు వేసింది.

"కూచో. ఆయన మాట్లాడేదానికి ఇంకా దినాలు పడతాది," అంది. "వేలికి ఆ నెత్తురేందిరా?"