పోలండ్ సేపుపండ్లు

పోలండ్ ఏడుందో ఎరుకలేనోళ్లకు పోలండ్ ఆపిళ్లు, సేపుపండ్లు, అమ్మనీకి వచ్చింది చూడు, అనుకున్నడు దత్తాత్రేయ, జనగామ ఫంక్షన్‌హాలుల పండ్ల వ్యాపారుల నడుమ కూసొని, మైకు పట్టుకున్న సొంత బిడ్డ రచన దిక్కు మూతి వంకర తిప్పుకుంట, మీసాలు రాకముందు నుంచి సేపుపెట్టెలు విప్పిన తండ్రి ఉండంగ హైదరాబాద్‌ల ఎవనిదో దిగుమతి కంపెనీల చేరి జనగామకే పాఠం చెప్తదట, తెర మీద గీతలు ఎక్కుతున్నయి దిగుతున్నయి, లోకంల పండే సేపులల్ల సగం చైనావేనట, శానమట్టుకు వాళ్లే తింటరట, తిననీ, మాకేంది, యూరప్‌ల చెట్టును ఎత్తు పెరగనియ్యక తీగలకు కట్టి ఇరుకిరుకుగ నాటుతరట, అది తోటనా బట్టలారేసే దండెమా, రష్యా కొనుడు బంద్ చేసినకాన్నుంచి పోలండ్ కొత్త బజార్లు ఎతుకుతాందట, అంటే రష్యా ఒద్దన్న సరుకు మా నెత్తిన, దానికి అవకాశమని పేరు, అరే ఈ భద్రయ్య కునుకు తీస్తాండు, వీడొక వ్యాపారి, మచ్చపండ్లు అడుగున దాసి నిగనిగలాడేటియి మీద పెట్టి బతికినోడు, అందరు అసొంటోళ్లే, ఉత్తపుణ్యాన దొరికే బిర్యానీకి వచ్చిన మంద.

కునుకు తీసినోడే లేసిండు, బిడ్డా, ఈడ సేపు కొనేది దవాఖానల మంచం మీద పన్నోళ్ల కోసం, గింత గట్టి పండు కొడకండ్ల ఊళ్లె ముసలోడు ఏ పండ్లతోని కొరుకుతడు అన్నడు, హాలంత గొల్లున నవ్వింది, దత్తాత్రేయ నోరు గూడ నవ్వ తెరుసుకొని ఆడనే ఆగింది, పొద్దున చాయ్ తాగుకుంట భద్రయ్యకు ఆ మాట చెప్పింది తనే, తన నోట్ల ఎంత కమ్మగుండె, వీని నోట్ల ఎంత కంపు కొడ్తాంది, రచన మైకు గట్టిగ పట్టుకున్నది, పెదనాయినా, మీ మనుమలు బడికి ఏం పట్కపోతరు, వాళ్ల నోట్ల పండ్లు గట్టియే గద, ఎండకాలం మనం అమ్మే నిల్వ సరుకు ఒత్తితే పిండే కదా, మాది శాన దూరం నుంచి ఓడల వస్తది, ఆలస్యమైతది, అన్ని పెట్టెలు ఒక్క తీరు ఉండయి, గందుకే జర జర తెప్పించుకోండ్రి, నడవకుంటె వాపస్ తీసుకుంట అన్నది, లోపం ముందుగాల్నే చెప్పే వ్యాపారిని దత్తాత్రేయ చూడలే, నవ్వినోళ్లు నవ్వు మింగిండ్రు.

ఎవలో పల్లెంల ముక్కలు పెట్టిపోయిండ్రు, తప్పు పట్టాల్నని కొరికిండు, కరకరమన్నది, రసం గదుమ దాక కారింది, పులుపనుకుందామంటె పులుపు లేదు, చప్పగున్నదనుకుందామంటె తియ్యగున్నది, థూ, ఈ భద్రయ్యే అందరికంటె ముందువోయి పేరు రాయించుకుంటాండు, సిగ్గులేనోడు, అందరు పోయినంక రచన వచ్చింది, మీ దుకాణానికి పంపాల్నా అని అడిగింది, బాపూ అనలే, అందరినడిగినట్టే అడిగింది, పంపు అన్నడు, ఇంకేమన్న అంటదని చూసిండు, ఆమె తల ఊపి వైర్లు చుట్టుకోను పోయింది, అప్పట్ల సదువు అయినంక, బాపూ నేను దుకాణంల కూసుంట అంటె పండ్ల బజార్ల ఆడిపిల్లా అని ఇంటిల్లిపాదిని పిలిచి నవ్విండు గద, ఇప్పుడు వచ్చి కూసో బిడ్డా అన్నా ఏం ఫాయిదా, బిడ్డ ఇగ దుకాణం అడగది.