కామాక్షయ్య ముందు నడిచేవాళ్లు

దుర్గకు అన్నిటికన్నా పెద్ద భయం, కూతురు వినీల కాలు జారి కొండ మీది నుంచి ఏట్లో పడుతుందేమోనని. పాములన్నా, జ్వరాలన్నా కూడా ఆమెకు భయమే గానీ, అవన్నీ దీని తరువాతే.

ఐదేళ్ల పిల్లకు కొండ మీద ఏం పని అంటారేమో. తాత కామాక్షయ్య ఎక్కడ ఉంటే వినీల అక్కడే. వాళ్ల ఊరి పక్కనే చిన్న ఏరొకటి కొండల్లోంచి దిగి పెన్నలో కలుస్తుంది. ఏటికి రెండు వైపులా బండల్లో గుహలున్నాయి. ఊళ్లోవాళ్లు గవులంటారు. చిన్నప్పుడు ఆ కొండల్లో మేకలు కాసినవాడు కాబట్టి, ఏ గవిలో దూరితే ఎక్కడ తేలతామో కామాక్షయ్యకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. నాలుగేళ్లుగా ఆదివారాలు నెల్లూరు నుంచీ బుచ్చిరెడ్డిపాలెం నుంచీ నడక సరదా ఉన్నవాళ్లు వ్యాన్లు కట్టుకొని వస్తున్నారు. వాళ్లకు దారి చూపేది ఆయనే. మనవరాలి చెయ్యి పట్టుకోనిదే ఆయన గడప దాటడు.

ఒక ఆదివారం వినీల రెండు మోకాళ్లూ చెక్కుకొని వచ్చింది. ఎక్కడ పడ్డావే అంటే నోరు విప్పలేదు. తాత మీద ఒట్టట. ఆ వారమంతా దుర్గకు అన్నం సయించలేదు. మొగుడు మధుబాబు సముద్రం ఒడ్డున రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉంటాడు, పదిహేను రోజులకోసారి వస్తాడు. ఫోను చేసి చెబితే, మా నాయన చేతిలో ఉన్న బిడ్డకు ఏమవుతుంది, నువ్వు ఊరికే గుబులు పెట్టుకోబాక అని పెట్టేశాడు. ఆమెకప్పుడు ఐదో నెల. పొద్దున లేస్తూనే ఒళ్లు బరువు. అయినా పై ఆదివారం, నేనూ వస్తాను మామా అని చెప్పులు వేసుకుంది. కామాక్షయ్య వద్దనలేదు, రమ్మనీ అనలేదు.

ఆ రోజు వచ్చింది పన్నెండు మంది. రవి కుమార్ అనే బడి మాస్టారు వాళ్లకు పెద్ద. దుర్గ అందరి వెనకా నడిచింది. పది అడుగులకోసారి నిలబడి నడుం పట్టుకుంది. పదో తరగతి సగంలో మానేసి పెళ్లి చేసుకున్నప్పటి నుంచి ఒక్క రోజు కూడా తను ఊరికే నడవడానికి నడిచింది లేదు. డబ్బా నీళ్లు మోసుకుంటూ, ఏమీ పని లేకుండా, ఎండలో బండలెక్కుతున్న ఆ మనుషులను చూస్తే ఆమెకు నవ్వు రావాల్సింది. ఓపిక లేక రాలేదు.

పెద్ద గవిలో కామాక్షయ్య అందరి చేతా లైట్లు ఆర్పించాడు. "గబ్బిలాలకి ఆదివారం సెలవు ఉండొద్దా సార్" అన్నాడు. ఒకరి భుజం ఒకరిని పట్టుకోమని, కుడిచెయ్యి బండకు ఆనించి ముందు నడిచాడు. ఇక్కడ తల వంచాల అన్నాడు, వంచారు. నాలుగడుగులు ఎగువ అన్నాడు, ఎక్కారు. కన్ను పొడుచుకున్నా కానరాని ఆ చీకట్లో ఎవరికీ ఒక్క దెబ్బ తగలకుండా అవతలి వెలుగులోకి తేల్చాడు. నెల్లూరువాళ్లు చప్పట్లు కొట్టారు. దుర్గకు కూడా అప్పటిదాకా ఉన్న గుబులు కాస్త జారింది.

తిరుగుదారి గవుల బయట, బండను ఆనుకొని సన్నటి గట్టు. ఎడమ పక్కన మూడు నిలువుల లోతున ఏరు. ఇక్కడ దారి ఒకటే కాబట్టి వచ్చినవాళ్లు ముందు పోతున్నారు. ఆ ఎడమ పక్కనే, అంచు మీద, వినీల తాత చెయ్యి పట్టుకొని నడుస్తోంది. ఏదో గొణుగుతోంది. దుర్గ దగ్గరికి వెళ్లి చెవి పెట్టింది.

"రాయి తాతా. మెట్టు తాతా. ముల్లుంది, ఇటు రా."

ఆటేమో అనుకుంది. ఇంతలో రవి కుమార్ ఫోటో తీస్తాను రమ్మని పిల్లను పిలిచాడు. వినీల చెయ్యి వదిలి రెండడుగులు ముందుకు పరిగెత్తింది. గట్టు అక్కడ కుడికి తిరుగుతుంది. కామాక్షయ్య తిరగలేదు. పాత కరువు సంగతేదో చెప్పుకుంటూ నేరుగా వెళ్లాడు. ఆయన పాదం సగం గాలిలో ఉండగా వినీల వెనక్కి వచ్చి పంచె రెండు చేతులా పట్టుకొని వెనక్కి వాలింది. దుర్గ ఒక చేత్తో పిల్ల జడనూ ఇంకో చేత్తో మామ మోచేతినీ పట్టి బండ వైపు లాగింది. ముందున్నవాళ్లు తాతామనవరాళ్ల ఆట అనుకొని నవ్వి, ఫోటో తీసుకొని వెళ్లిపోయారు.

ముగ్గురూ బండ నీడన కూలబడ్డారు. దుర్గ బిడ్డ జడ ఇంకా వదల్లేదు.

"ఎన్నాళ్ల నుంచి మామా?"

"ఏడాది దాటింది. నీటికాసులంట. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది నిలవాలంటే పొద్దునా సాయంత్రం చుక్కలు వేసుకోమన్నాడు డాక్టరు. చేతిగాజులోంచి చూసినట్టుంటాది మే. నీ మొకం కనిపిస్తుండాది. నీ కాళ్లు కనిపించవు. ఎడమ పక్క అసలుకే లేదు."

"అందుకని బిడ్డను ఎడమ పక్కన పెట్టుకున్నావా?"

"అది నాకంటే బాగా నడుస్తాది."

"ఐదేళ్ల బిడ్డ మామా."

వినీల తాత మోకాలు తట్టి, "నేను చెప్పలేదు తాతా, అమ్మే చూసింది" అంది.

కామాక్షయ్య, "మధుకు చెప్పబాక" అన్నాడు. "వాడు నన్ను మంచంలో కూర్చోబెడతాడు. గవుల్లో నాకు ఏం లోటు లేదు, నువ్వు చూసినావు గదా. ఈ బయటి దారే."

అరవాలని దుర్గకు నోటిదాకా వచ్చింది. అరిచే శక్తి కూడా లేకపోయింది. బిడ్డ ఇంక కొండెక్కదు అని మాత్రం చెప్పి లేచింది. ఆయన సరేనన్నాడు.

పై ఆదివారం నుంచి వినీలను పక్కింటి చెంచమ్మ దగ్గర వదిలి తానే వెళ్లింది. ఆయనను బండ వైపు పెట్టి, తాను ముందు నడుస్తూ రాయి, మెట్టు అని చెప్పేది. "నా మనవరాలు మూడడుగుల ముందే చెప్పేది. నువ్వేందిమే, కాలికి తగిలినాక రాయి అంటావు" అని ఆయన ఎత్తిపొడిచేవాడు. అట్లా ఎనిమిది ఆదివారాలు. ఇంటికొచ్చేసరికి కాళ్లు చెప్పులు పట్టనంతగా వాచేవి. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆయనను ఇంక ఎవరూ పిలవరు. పిలవకపోతే ఆయన ఏమవుతాడో ఆమె ఊహించుకోలేకపోయింది.

ఏడో నెల పడగానే దొరవారిసత్రం నుంచి తల్లి వచ్చి కాన్పుకు తీసుకెళ్లింది. వినీల కూడా వెంటే వెళ్లింది. తాను తిరిగొచ్చేదాకా గవులకు పోనని మామ చేత మాట తీసుకుంది దుర్గ. ఆయన తల ఊపాడు.

తల ఊపడం వరకే. మొన్న రవి కుమార్ ఫోనులో పెట్టిన ఫోటోల్లో, ఆ సన్నటి గట్టు మీద, పదిమందికి ముందు కామాక్షయ్య నిలబడి నవ్వుతున్నాడు. ఆయనకు ఎడమ పక్కన ఎవరూ లేరు. దుర్గ ఫోటోను పెద్దది చేసి చాలాసార్లు చూసింది. మామ అడిగినట్టే మొగుడికి చెప్పలేదు, కదలడానికీ లేదు. పుట్టింట్లో పడుకొని ఆదివారం ఎప్పుడు గడుస్తుందా అని గోడ చూస్తోంది.

మీలో ఎవరైనా ఆ గవులకు వెళ్లేవాళ్లుంటే, ఆయనకు ఏమీ తెలియనివ్వకండి. మీకే భయంగా ఉందని చెప్పి ఆయన ఎడమచెయ్యి పట్టుకోండి. పొద్దున చుక్కలు వేసుకున్నాడో లేదో మాటల్లో కనుక్కోండి. వ్యాను ఎక్కే ముందు, పెద్దాయన ఇంటి గడప దాటి లోపలికి వెళ్లాడో లేదో ఒక్కసారి చూసి రండి.